గదువ దాకా కప్పే టోపీ

సిద్దిపేటలో సైకిల్ తొక్కుతూ హెల్మెట్ పెట్టుకున్న మొదటి మనిషిని నేనే అని చెప్పుకుంటే ఎవరూ కాదనలేరు. రెండో మనిషి ఇప్పటిదాకా నాకు కనబడలేదు. అదీ మామూలు హెల్మెట్ కాదు. స్కూటర్ల వాళ్లే నెత్తికి రుమాలు చుట్టుకొని తిరిగే ఎనభైల చివరి రోజులవి. అప్పుడు నాది నెత్తి, చెవులు, చెంపలు, గడ్డం (మా దగ్గర గదువ అంటాం) అన్నీ మూసేసి ముందర అద్దం దించుకునే నిండు హెల్మెట్. అది పెట్టుకొని, చీర కుచ్చిళ్లు దోపుకొని, లేడీస్ సైకిల్ వెనక క్యారియర్‌కు టీకాల డబ్బా కట్టుకొని గుట్ట దిగేదాన్ని. నన్ను చూసి తన ఎడ్లు బెదిరాయని ఒక రైతు ఊరంతా చెప్పుకున్నాడు. ఎడ్లు బెదరలేదు. ఆయనే బెదిరాడు, నేను చూశాను.

నేనప్పుడు నర్సమ్మను. పెద్ద దవాఖానలో తెల్ల బూట్లు వేసుకొని టకటకా నడిచే నర్సును కాదు. ఊరూరూ తిరిగి పిల్లలకు టీకాలు వేసి, కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రలు ఇచ్చి వచ్చే నర్సమ్మను. చింతమడక, దాని చుట్టుపక్కల ఊళ్లు నా వంతు. పొద్దున బస్సు ఒకటి ఉండేది కానీ అది రావాలనుకున్న నాడే వచ్చేది. అందుకని సైకిల్. దారిలో ఒక గుట్ట ఉంది. ఎక్కేటప్పుడు దిగి నెట్టుకుంటూ పోవాలి. అవతల పక్కకు దిగేటప్పుడు మాత్రం మొరం దారి, గులకరాళ్లు, నడుమ ఒక వంకర మలుపు. బ్రేకుల మీద వేళ్లు పెట్టి, పెడల్ తొక్కకుండా జారిపోవడమే. నిజం చెప్తున్నాను, రోజు మొత్తంలో నాకు ఇష్టమైనది ఆ దిగుడే. ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. కోడలికి ఇష్టమైన పని ఒకటి ఉందని తెలిస్తే, దాని సంగతి చూడ్డానికి ఇంట్లో అందరూ లేస్తారు.

ఒకనాడు ఆ మలుపులో మేక అడ్డమొచ్చింది. మేకకు ఏమీ కాలేదు. నేను గడ్డం మీద పడ్డాను. ముందు టీకాల డబ్బా మూత ఊడిందేమో చూసుకొని, తర్వాత నా గడ్డం తడిమి చూసుకున్నాను. దవాఖానలో కాంపౌండర్, తెలిసినదాన్నని కాస్త శ్రద్ధగానే కుట్లు వేశాడు. అయినా మచ్చ పడింది. ఇప్పటికీ ఉంది.

ఇక్కడ మా అత్తగారింటి కాయిదా ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో కోడలు మామకు ఎదురుగా నిలబడకూడదు, ముఖం చూపించకూడదు, నేరుగా మాట్లాడకూడదు. మామ ముందరి అర్రలో పడక కుర్చీలో ఉంటాడు. కోడలు నడిమింట్లో తలుపు చాటున ఉంటుంది. మామకు నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే గోడ గడియారానికి చెప్తాడు. "చాయల శక్కరి తక్కువైంది" అంటాడు గడియారంతో. నేను జవాబు చెప్పాలంటే అత్తమ్మకు చెప్పాలి. అత్తమ్మ తలుపు దాకా నడిచివెళ్లి ఆయనకు చెప్పాలి. ఆయన మాట నాకు వినబడుతూనే ఉంటుంది, నా మాట ఆయనకు వినబడుతూనే ఉంటుంది. అయినా అత్తమ్మ మధ్యలో మోయాల్సిందే. మామ ఏదో సర్కారు కచ్చేరీలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఏ సంగతైనా ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవాలి తప్ప నేరుగా పోతే ఆయన లెక్కలో అది పోయినట్టు కాదు.

ఊళ్లలో మగవాళ్లను అరుగుల మీద కూర్చోబెట్టి, పిల్లలు కాకుండా ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలో, ఎందుకు చేయించుకోవాలో గొంతెత్తి చెప్పి వచ్చేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, శక్కరి డబ్బా ఖాళీ అయిందన్న సంగతి తలుపు చాటు నుంచి అత్తమ్మ చెవిలో చెప్పేదాన్ని.

గడ్డానికి పట్టీ వేసుకొని వచ్చిన ఆ సాయంత్రం మామ గడియారంతో గట్టిగా మాట్లాడాడు.

"ఇగ కొలువు వద్దు, ఏం వద్దు. ఇంట్ల కూసొమ్మను. మూతి పలగ్గొట్టుకొని బజార్ల తిరిగే కోడలు ఎవలింట్లనన్న ఉన్నదా?"

అత్తమ్మ నా వైపు చూసింది. ఆమె ముఖంలో రక్తం లేదు. గడ్డం పగిలింది నాది, పాలిపోయింది ఆమె. ఎందుకో నాకు తెలుసు, మామకు తెలియదు.

అత్తమ్మ తల్లిగారిల్లు చింతమడకలో. సిద్దిపేట నుంచి ఎంత దూరమని. కానీ ఆమె ఏండ్ల తరబడి ఆ గడప తొక్కలేదు. ఆ ఇంట్లో ఒక పెండ్లప్పుడు అల్లుళ్లకు బట్టలు పెట్టారట. చిన్నల్లుడికి పెద్దంచు కండువా, పెద్దల్లుడైన మా మామకు సన్నంచు కండువా పడిందట. పెట్టినవాళ్లు చూసుకోలేదు. మామ చూసుకున్నాడు. ఆ కండువాను అక్కడే మంచం కోడుకు తగిలించి, భోజనానికి కూర్చోకుండా లేచి వచ్చాడు. ఆనాటి నుంచి చింతమడక పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. అత్తమ్మ కూడా. నా డ్యూటీ కూడా ఆయన నోట 'గుట్టవతలి ఊళ్లు' మాత్రమే. అక్కడ ఆమె తల్లి ఉంది, పండు ముసలి, చూపు పోయింది, పండ్లు లేవు. నేను టీకాలకు పోయినప్పుడల్లా ఆ ముసలవ్వ ఇంటికి పోయి చేయి పట్టి చూసి వచ్చేదాన్ని. అత్తమ్మ వక్కా ఆకూ మెత్తగా దంచి చిన్న పొట్లం కట్టి, టీకాల సంచిలో ఎవరూ చూడకుండా పెట్టేది. సాయంత్రం నేను రాగానే కాళ్లకు నీళ్లిచ్చే మిషతో పెరట్లోకి వచ్చి, "తిన్నదా?" అని ఒక్క మాట అడిగేది. ఆ ఒక్క మాట కోసం ఆమె పొద్దంతా ఎదురుచూసేదని నాకు తెలుసు. నా కొలువు పోతే అదీ పోతుంది.

అందుకే ఆ సాయంత్రం అత్తమ్మకు ఎక్కడ లేని తెలివి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి అంది.

"నీ రంది ముఖం గురించే గదా. ముఖం కప్పే టోపీ కొనుక్కుంటది. స్కూటరోళ్లు పెట్టుకుంటరు సూడు, గసుంటిది. గదువ దాక కప్పుతది."

ముఖం కప్పుతుందన్న మాట మామకు నచ్చింది. కొంగు ఎంత కప్పుకున్నా గాలికి జారుతుంది. ఇది జారదు.

"నిండ కప్పుతదా?" అని గడియారాన్ని అడిగాడు.

"నిండ కప్పుతది."

"అట్లయితె సూద్దాం. మల్లొక్కసారి పడ్డదంటె మాత్రం కొలువు బంద్."

అట్లా నా కొలువూ, అత్తమ్మకు తల్లి కబురూ రెండూ ఒక టోపీ మీద ఆధారపడ్డాయి. ఆ టోపీ కొనే పని మా ఆయనకు అప్పజెప్పారు.

మా ఆయన రైసు మిల్లులో లెక్కలు రాసేవాడు. చెడ్డమనిషి కాదు. తండ్రి మాటకూ భార్య మాటకూ ఒకేసారి తల ఊపగలడు. నేనూ దుకాణానికి వస్తానన్నాను.

"నువ్వెందుకు? గాడ అందరు మొగోళ్లే ఉంటరు," అన్నాడు.

"పెట్టుకునేది నేను గదా."

"పెట్టుకునేది నువ్వే. కొనేది నేను."

దుకాణంలో ఏం జరిగిందో ఆయనే వచ్చి ఎంతో గొప్పగా చెప్పాడు. బస్టాండు దగ్గర స్కూటర్ సామాన్లు అమ్మే దుకాణం. దుకాణమాయన పెద్ద వయసు సాయిబు. మర్యాదకు పెట్టింది పేరు.

"ఎవరికి సాబ్?" అని అడిగాడు.

"ఇంట్ల," అన్నాడు మా ఆయన. భార్యకు అని నోటితో చెప్పే అలవాటు మా దగ్గర లేదు.

"స్కూటరా, మోటరు సైకిలా?"

"సైకిలు."

సాయిబు చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడట. "సైకిలుకు హెల్మెటా? అట్లాంటి మాల్ హైద్రాబాద్ల గూడ దొర్కది సాబ్," అన్నాడట. మా ఆయన గుట్ట సంగతి, మేక సంగతి, గడ్డం సంగతి చెప్పాడు. దుకాణంలో చాయ్ తాగుతున్న వాళ్లంతా పని మానుకొని చుట్టూ చేరారు. ఒకరు నల్లది తీసుకోవద్దు, మెదడు ఉడికిపోతుందన్నారు. ఒకరు తెల్లది వద్దు, మాసిపోతుందన్నారు. సగం టోపీ చాలు, గాలి ఆడుతుందని ఒకాయన అంటే, గాలి ఆడితే దుమ్మూ ఆడుతుందని ఇంకొకాయన అన్నాడు. గట్టిదో కాదో చూడాలని సాయిబు పానా తీసుకొని హెల్మెట్ మీద ఠంగున కొట్టి చూపించాడు. హెల్మెట్‌కు ఏమీ కాలేదు. అందరూ తృప్తి పడ్డారు. లోపల తలకాయ ఉంటే దానికి ఏమయ్యేదని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత అక్కడున్న ప్రతి మనిషీ దాన్ని ఒకసారి నెత్తిన పెట్టుకొని స్కూటర్ అద్దంలో చూసుకున్నాడు.

అప్పుడు వచ్చింది కొలత సంగతి. "అమ్మగారి తలకాయ ఎంతుంటది సాబ్?" అని సాయిబు నేల చూపులు చూస్తూ అడిగాడట. మా ఆయన రెండు చేతులూ గాలిలో గుమ్మడికాయ పట్టుకున్నట్టు పెట్టాడు. ఆ చేతుల మధ్య దూరం మాటిమాటికీ మారింది. అప్పుడు చాయ్ తాగేవాళ్లలో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. "గంత కష్టమెందుకు? నీకు పెట్టుకొని సూడు. ఆలుమొగలది ఒకటే లెక్క." అందరూ అవునన్నారు. సాయిబుకు ప్రాణం లేచివచ్చింది. పరాయి ఆడమనిషి తలకాయ ఊసు తప్పింది కదా. మా ఆయన పెట్టుకున్నాడు, సరిగ్గా సరిపోయింది. ఒక్క అనుమానం మాత్రం వచ్చిందట. "మరి కొప్పు?" అన్నాడు. కొప్పుకు జాగా కావాలి కాబట్టి ఇంకో సైజు పెద్దది తీసుకున్నాడు. తండ్రి మనసు ఎరిగినవాడు కాబట్టి పొగరంగు అద్దం ఉన్నది ఏరుకున్నాడు. బయటి నుంచి చూస్తే కండ్లు కూడా కనబడవు.

ఇంటికి తెచ్చాక మామ పరీక్ష. "పెట్టిచ్చి తీసుకరా, సూద్దాం," అని అత్తమ్మతో అన్నాడు. అత్తమ్మ నాకు అది తొడిగింది. లోపల కొత్త రబ్బరు వాసన, దుకాణంలో అందరి నూనె వాసన. బిందె బోర్లించుకున్నట్టు ఉంది. చేయి పట్టి నడిపించుకొని పోయి మామ ముందు నిలబెట్టింది. పెండ్లయినప్పటి నుంచి మామ ఎదురుగా నేను నిలబడ్డది అదే మొదటిసారి. ముఖం కనబడట్లేదు కాబట్టి కాయిదా తప్పలేదు.

"లోపలికి ఇనవడ్తదా?" అని మామ గడియారాన్ని అడిగాడు.

అలవాటు ప్రకారం నేను అత్తమ్మకు చెప్పాలి. కానీ ఆ టోపీలో పక్కకు చూస్తే ఏమీ కనబడదు. అత్తమ్మ ఎటుందో తెలియలేదు. ముందర మామ ఒక్కడే ఉన్నాడు.

"ఇనవడ్తది మామా," అన్నాను.

మామ గడియారం వైపు చూశాడు. హెల్మెట్ వైపు చూశాడు. ఇంత నిండుగా కప్పుకున్న కోడలిని ఏ తప్పు కింద పట్టుకోవాలో ఆయనకు తోచలేదు. ఇట్లాంటి కేసు ఆయన కచ్చేరీలో ఎన్నడూ వచ్చి ఉండదు.

"మంచిది," అన్నాడు చివరికి. గడియారంతో కాదు, నాతోనే.

నేను గుమ్మం దాటాక టోపీ తీస్తే, అత్తమ్మ నన్ను కాదు, దాన్ని చూస్తూ నిలబడింది.

మర్నాటి నుంచి నా తంతు మొదలైంది. ఎండలో దాన్ని పెట్టుకొని తొక్కితే ఉడికిపోతాను కాబట్టి గుట్ట దాకా హ్యాండిల్‌కు తగిలించుకొని పోయేదాన్ని. గుట్ట మీద ఆగి, పెట్టుకొని, పట్టీ బిగించుకొని, అద్దం దించుకొని దిగేదాన్ని. ఊళ్లలో మొదట్లో దాని వల్ల మేలే జరిగింది. అంతకు ముందు నర్సమ్మ సైకిల్ కనబడితే చాలు, పిల్లలు గాదెల వెనక, గడ్డివాముల వెనక దాక్కునేవాళ్లు. ఇప్పుడు ఈ వింత తలకాయను చూడటానికి వాళ్లే ఉరికి వచ్చేవాళ్లు. అందరూ చేరాక నేను టోపీ తీసేదాన్ని. అప్పటికే ఆలస్యమైపోయేది. కొన్నాళ్లకు వాళ్లకూ తెలిసిపోయింది. ఆ తర్వాత తల్లులు అందుకున్నారు. "బువ్వ తింటవా, డబ్బ తలకాయామెను పిలువన్నా?" అని పిల్లలను బెదిరించడం నా చెవులారా విన్నాను. సర్కారు ఇచ్చిన నర్సమ్మ అన్న పేరు అట్లా పోయి డబ్బ తలకాయామె అయ్యాను.

కానీ టోపీ నా తలకు కాదు కదా కొన్నది. లోపల దూది కుక్కాను, రుమాలు చుట్టాను. అయినా రాయి మీద చక్రం ఎగిరినప్పుడల్లా అది ఒక పక్కకు తిరిగేది. చేత్తో సరిచేసుకుందామంటే బ్రేకు వదలాలి. గుట్ట దిగడమంటే నాకున్న ఇష్టం కాస్తా భయమైంది. ఒకనాడు ఆ మలుపు దగ్గరే ఎగుడు రాయి తగిలింది. టోపీ గిర్రున తిరిగింది. నా కండ్ల ముందర అద్దానికి బదులు చెవి దగ్గరుండే మెత్త వచ్చింది. అంతా చీకటి. సైకిల్ ఎటు పోతే అటు పోయాను. మక్కజొన్న చేన్లోకి పోయి, కంకులు విరుచుకుంటూ, మెత్తగా కూలబడ్డాను. ఒక్క గీత పడలేదు. అక్కడే ఉన్నాడు ఆ ఎడ్ల రైతు. చేను ఆయనదే. నాకు చేయందించి లేపాడు, పాపం. కానీ నేను డ్యూటీ ముగించుకొని ఇంటికి చేరేలోపు, అంగడికని సిద్దిపేటకు వచ్చి మా మామకు కబురు చెప్పి మరీ పోయాడు.

"రేపటి సంది బంద్," అన్నాడు మామ గడియారంతో. "టోపీ గూడ కొనిచ్చినం. ఇంకేం జేస్తరు?"

నాకు ఏడుపు రాలేదు, మండింది. నడిమింట్లో కూర్చొని ఉన్న మా ఆయనను పట్టుకున్నాను.

"నీ తలకాయ తీస్కపోయి నా తలకాయకు కొల్తవెట్టినవు. దాని మీద కొప్పుకు జాగ ఒకటి!"

"పెద్దది మంచిదే అనుకున్న," అన్నాడు ఆయన. నిజంగానే అట్లా అనుకున్నాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం మామ కునుకు తీస్తున్నాడు. మా ఆయన మిల్లుకు పోయాడు. అత్తమ్మ మూలకు పడి ఉన్న టోపీని తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె కొంగు ముడిలో ఆ పొద్దున పంపలేకపోయిన వక్కాకు పొట్లం అట్లాగే ఉంది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నెత్తిన పెట్టుకుంది. తల కుడికి తిప్పింది. టోపీ కదలలేదు, తల ఒక్కటే తిరిగింది. ఎడమకు తిప్పింది. అదే తీరు.

"ఓ పిల్లా," అంది లోపలి నుంచి, "గిది టోపీ కాదు, నీళ్ల గాబు." తీసి నా వైపు చూసింది. "నీ మొగని తలకాయ ఎంత పెద్దదో నేను కన్ననాడే నాకు తెలిసింది. నీకెట్ల సరిపోతదే అది? లెవ్వు. చెప్పులేస్కో."

మేమిద్దరం పోతుంటే గల్లీలో వాళ్లు ఆగి చూశారు. అత్తాకోడళ్లు బట్టల దుకాణానికో గాజుల దుకాణానికో పోవాలి. స్కూటర్ సామాన్ల దుకాణం ముందు చెప్పులు విడవకూడదు. సాయిబు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, సాబు రాలేదా?"

"సాబు తలకాయ ఇంట్ల పెట్టొచ్చినం. గీ తలకాయ తెచ్చినం. దీనికి సూడు," అంది అత్తమ్మ, నా భుజం పట్టి ముక్కాలిపీట మీద కూర్చోబెడుతూ.

సాయిబు కండ్లు దించుకొని ఒక్కొక్కటే తీసి ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె నడిబజార్లో నా కొప్పు విప్పి, పిన్నులు తన పండ్ల మధ్య పెట్టుకొని, జడ అల్లి వీపు మీదికి వదిలింది. చాయ్ తాగేవాళ్లు మా వైపు చూడకుండా ఉండటానికి ఎంతో కష్టపడ్డారు. ఒకాయన ఖాళీ గ్లాసునే చాలాసేపు తాగాడు. అత్తమ్మ ఒక్కో హెల్మెట్ తొడిగి, రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ లాగేది. టోపీ ఒక్కటే కదిలితే తీసి పక్కన పెట్టేది. దానితో పాటు నా చెంపలూ, చర్మమూ కదలాలి. "కిందికి సూడు. చక్రం కనవడ్తదా? నోరు దెర్వు. ఊపిరాడ్తదా? గదువ తాకుతున్నదా?" అని అడిగేది. కోడలిని చూడ్డానికి వచ్చినప్పుడు కూడా నన్ను ఇంత శ్రద్ధగా చూడలేదు.

చివరికి సరిపోయింది ఒక్కటే. ఎర్రటి ఎరుపు, రెండు పక్కలా పసుపు రంగు మంటల బొమ్మలు. దీనికీ పొగరంగు అద్దమే.

"అది కాలేజి పోరగాండ్లది అమ్మా," అన్నాడు సాయిబు నొచ్చుకుంటూ. "ఆడోళ్లు పెట్టుకుంటే నవ్వుతరు."

"లోపలున్నది ఎవలో తెలిస్తె గదా నవ్వేది," అంది అత్తమ్మ. పాతది ఆయన ముందర పెట్టింది. సాయిబు ఎక్కువ మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. మేము తొందరగా పోతే చాలనుకున్నాడేమో.

ఇంటికొచ్చేసరికి మామ లేచి చాయ్ కోసం గడియారాన్ని అడుగుతున్నాడు. అత్తమ్మ నడిమింట్లో నాకు టోపీ తొడిగి, పట్టీ బిగించి, అద్దం దించింది. ఏం చేయబోతుందో నాకు అర్థమయ్యేలోపే వీపు మీద చేయి పెట్టి గడప అవతలికి నెట్టింది.

మామ ఎదుట మంటల తలకాయతో నిలబడ్డాను. లోపల నా ముఖం ఎట్లా ఉందో ఆయనకు కనబడదు.

"మామా," అన్నాను. లోపల నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "నేను పడ్డది సైకిలు రాక కాదు. టోపీ పెద్దదై కండ్లకు అడ్డమొచ్చింది. గిప్పుడు సరిపోయేది తెచ్చుకున్నం. రేపు టీకాలున్నయి. నేను పోతా."

మామ చాలాసేపు ఆ పసుపు మంటలను చూశాడు. గడియారం వైపు తిరగబోయి ఆగిపోయాడు.

"తలకాయ ఊపు," అన్నాడు.

ఊపాను. టోపీ తలతో పాటే కదిలింది.

"గట్టిగ ఊపు."

గట్టిగా ఊపాను.

"ఊఁ. పో," అన్నాడు.

లోపలికొచ్చి టోపీ తీసేసరికి ముఖమంతా చెమట. నేను పోతా అనేశాను, ఆయన పొమ్మన్నాడు. ఇన్నేండ్లలో నాకోసం నేను ఆ ఇంట్లో చెప్పుకున్న మొదటి మాట అది. అత్తమ్మకు చెప్పబోయాను. ఆమె వినట్లేదు. చేయి చాచి నిలబడింది.

"ఇటియ్యి," అంది.

తుడిచి పెడుతుందనుకొని ఇచ్చాను. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకొని అద్దం దించుకుంది. పట్టీ పెట్టుకోవడం రాక వదిలేసి, గడప దాటి ముందరి అర్రలోకి పోయింది. ఈసారి తలుపు చాటున నేను ఒక్కదాన్నే మిగిలాను.

అత్తమ్మకు భర్తతో మాట్లాడకూడదన్న కాయిదా లేదు. శక్కరి గురించి, కట్టెల గురించి, కోడలి గురించి ఎన్నయినా మాట్లాడొచ్చు. చింతమడక గురించి మాత్రం మాట్లాడకూడదు. ఆ మాట నోటి దాకా వచ్చిందని ఆమె ముఖం చూసి మామ ముందే పట్టుకునేవాడు. కండ్లతోనే ఆపేసేవాడు. ఆమె మింగేసేది.

"నేను మా అవ్వను సూసొస్త," అంది ఎర్ర హెల్మెట్.

మామ కుర్చీలో లేచి కూర్చున్నాడు. ఆమె కండ్ల కోసం వెతికాడు. పొగ అద్దంలో ఆయనకు ఆయన ముఖమే కనబడి ఉంటుంది.

"కండువ సంగతి యాదికున్నదా?"

"యాదికున్నది. సన్నంచు. నేను నీకు పెద్దంచుది కొనిస్త. రేపు కోడలితోని పోతా. మా అవ్వకు కండ్లు లేవు. పోతె మల్ల దొర్కది."

అంత పొడుగు మాట ఆమె మామతో మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. మామ ఏదో అనబోయాడు. ఎవరితో అనాలో తెలియలేదు. చివరికి పాత దారి పట్టి గడియారం వైపు తిరిగాడు.

"పొద్దూకెవరకు రమ్మను," అన్నాడు.

ఆమె లోపలికి వచ్చి టోపీ తీసింది. ముఖం తడిగా ఉంది. "నా కండ్లు ఆయనకు కనవడలే పిల్లా," అంది. "గందుకే అనొచ్చింది."

మర్నాడు ఆమె వాకిట్లోనే టోపీ పెట్టుకుంది. గల్లీ దాటేదాకా ఎవరూ తనను ఎటు పోతున్నావని అడగొద్దంది. టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకొని క్యారియర్ మీద కూర్చుంది. ఆ ఎర్ర తలకాయనూ, కింద జరీ అంచు చీరనూ చూసి మార్కెట్ దగ్గర జనం దారిచ్చారు. నడుమ నడుమ దిగి నడిచాం. గుట్ట మీదికి ఇద్దరం నెట్టుకుంటూ ఎక్కాం. దిగే దగ్గర నేను నడుద్దామన్నాను.

"వద్దు. నువ్వు రోజు ఎట్ల దిగుతవో గట్లనే పోనియ్యి," అంది.

పోనిచ్చాను. ఆమె ఒక చేత్తో డబ్బాను, ఇంకో చేత్తో నా నడుమును పట్టుకుంది. మలుపు దాకా, మలుపు దాటాక, మక్కజొన్న చేను దాకా, ఆమె టోపీలోంచి "ఓ అవ్వో! ఓ అవ్వో!" అని అరుస్తూనే ఉంది. ఎడ్ల రైతు మమ్మల్ని చూసి ఈసారి ఎడ్లను కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

ముసలవ్వ అరుగు మీద నులక మంచంలో కూర్చొని ఉంది. అత్తమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. పట్టీ విప్పుకోబోయింది. అది విప్పడం ఆమెకు రాలేదు. నేను సైకిల్ గోడకు ఆనించి వచ్చేలోపు ముసలవ్వ చేతులు ముందుకొచ్చాయి. టోపీ పైన తడిమింది, అద్దం తడిమింది, గడ్డం ముందరున్న కమ్మీ తడిమింది. తర్వాత కిందికి జారి, అత్తమ్మ మెడ దగ్గరి పుస్తెలతాడు తడిమి, చేతి గాజులు తడిమి, వేళ్లు తడిమింది. అక్కడ ఆగిపోయింది.

"నువ్వానే బిడ్డా?"

"నేనే అవ్వా."

నేను పట్టీ విప్పాను. అత్తమ్మ టోపీ తీసి తల్లి ఒళ్లో పెట్టి, దాని మీద తల పెట్టుకొని ఏడ్చింది. ముసలవ్వ ఒక చేత్తో బిడ్డ తల నిమురుతూ, రెండో చేత్తో ఆ టోపీని ఇంకా వెతుకుతూనే ఉంది.

"గిదేందే? నెత్తికి గిదెందుకు పెట్టుకున్నవు?"

"గిది పెట్టుకుంటెనే మీ అల్లునితోని మాట్లాడొచ్చింది అవ్వా," అంది అత్తమ్మ.

ముసలవ్వ ఒళ్లో ఉన్న ఆ గట్టి వస్తువును ఇంకోసారి చుట్టూ తడిమి చూసింది.

"గంతేనా? మరి గిన్నేండ్లు ఎందుకు కొనుక్కోలేదే?" అంది.